సగం బరువు

జూన్ 4

పొద్దున పది నుంచి పదకొండున్నర దాకా ఆయన బాత్రూమ్ గుమ్మంలో నేల మీదే ఉన్నారు.

దెబ్బేమీ తగల్లేదు. కుడికాలు జారింది, గోడ పట్టుకునేలోపే కూలబడ్డారు. చంకల కింద చేతులు వేసి లాగాను. రెండు జానలు జరిగారు గానీ లేవలేదు. మళ్ళీ లాగితే నా నడుములో ఏదో కలుక్కుమంది. తల కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి, పక్కనే కూర్చున్నాను. పైవాటాలో ఉండే డ్రైవర్ అన్నయ్య డ్యూటీ దిగి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

"నేల చల్లగా ఉంది. బాగుంది" అన్నారు ఒకసారి. పక్షవాతం వచ్చి రెండేళ్ళయినా మాట ఇంకా నోటి కుడిపక్క నుంచి జారిపోతూనే ఉంటుంది. బయటివాళ్ళకి సగం అర్థం కాదు.

డ్రైవర్ అన్నయ్య ఒక్కడే ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళాడు. అంతసేపు నేను చేయలేనిది అతనికి అర నిమిషం.

మూడు ప్యాంట్లకి అంచులు కుట్టాల్సి ఉంది. ఒకటే అయింది.

కొలతల పుస్తకంలో వెనక పేజీలన్నీ ఖాళీ. ఇందులోనే రాస్తున్నాను. దీన్ని నేను తప్ప ఎవరూ తెరవరు.

జూన్ 6

డ్రైవర్ అన్నయ్య చెప్పినట్టున్నాడు, మరిది వచ్చాడు. ముందుగదిలో కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అన్నగారి గదిలోకి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉన్నావు" అని మాత్రం అడిగాడు.

"వదినా, కోపం తెచ్చుకోకు. నీ బరువెంత?"

"నలభై ఎనిమిది."

"అన్నయ్య?"

"ఆస్పత్రి కాగితంలో డెబ్బై నాలుగు."

"మరి ఈసారి తలకి తగిలితే? నువ్వూ పక్కనే పడితే? మీకా పిల్లల్లేరు. చూసుకునేవాళ్ళెవరు?"

వాళ్ళ ఆఫీసు వెనక వీధిలో మంచం పట్టినవాళ్ళని చూసుకునే ఒక హోమ్ ఉందట. రాత్రీ పగలూ మనుషులుంటారట. ఒక రంగుల కాగితం ఇచ్చాడు. అందులో ఒక ముసలాయన పూలమొక్క పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. ఆయన చొక్కా భుజాల దగ్గర రెండంగుళాలు వదులు. ఎవరిదో తొడిగారు.

"మూడు నెలలు ఆగు. నేల మీంచి కుర్చీ దాకా నేనొక్కదాన్నే లేపి చూపిస్తాను. చేతకాకపోతే నువ్వన్నట్టే చేద్దాం" అన్నాను.

వాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు. నవ్వలేదు, అందుకు మెచ్చుకోవాలి. "సెప్టెంబరు పదిన వస్తా" అని ఫోన్లో రాసుకున్నాడు.

ఎందుకన్నానో తెలియదు. అల్మారా పై అరలోంచి దారపు కండె తీయాలంటే స్టూలు ఎక్కే మనిషిని.

జూన్ 9

ఈయనకి వ్యాయామం చేయించడానికి వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయితో ఈ సంగతి చెప్పాను. ముందు నవ్వబోయి, నా మొహం చూసి మానుకుంది.

"డెబ్బై నాలుగూ మీ మీద పడదు ఆంటీ. అంకుల్ ఎడమకాలు పనిచేస్తుంది కదా. నేల మీంచి పొట్టి స్టూలు మీదికి, స్టూలు మీంచి కుర్చీలోకి. పద్ధతిగా చేస్తే సగం ఆయన మోస్తారు, సగం మీరు."

"సగమంటే ముప్పై ఏడు" లోపలి గదిలోంచి వినిపించింది. ఆయన వింటున్నారని అనుకోలేదు.

నీళ్ళ డబ్బాలు రెండు నా చేతికిచ్చి, మోకాళ్ళు వంచి లేవమంది. ఒక్కోటి ఐదు లీటర్లు. లేచాను గానీ చేతులు జ్వరం వచ్చినట్టు వణికాయి. డంబెల్స్ కొనమంది. బరువు మార్చుకునే వీలున్నవే కొనాలట. "లేకపోతే నెలకో జత కొనాలి, మీకు తిరగడానికి చోటుండదు" అంది. ఇప్పుడు మాత్రం ఏముంది గనక. మిషను, ఇస్త్రీ బల్ల, ఈయన మంచం, కుర్చీ. నేను ఈ మధ్య ఇంట్లో పక్కకి తిరిగి నడుస్తున్నాను.

జూన్ 11

ఆటసామాన్ల కొట్టుకి వెళ్ళాను. ఆడవాళ్ళెవరూ లేరు. "బాబుకా అమ్మా?" అన్నాడు కొట్టాయన. కాదు, నాకే అంటే ఎర్రరంగు కిలోవి చూపించాడు, బొమ్మల్లా ఉన్నాయి.

బరువు మారేవి మూడు రకాలట. ఒకటి ఫ్యాన్ రెగ్యులేటర్ లాగా చక్రం తిప్పేది. తిప్పి ఎత్తితే కావలసినన్ని బిళ్ళలే పైకొస్తాయి, మిగిలినవి కింద తొట్టెలోనే ఉండిపోతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంకోటి ఇటుకలా ఉండి, పక్కన మేకు గుచ్చేది. మూడోది మామూలు కడ్డీ. రెండు చివర్లా మరలుంటాయి, బిళ్ళలు తొడిగి నక్షత్రంలా ఉండే నట్టు బిగించాలి.

చక్రం రకం మీదే మనసు పోయింది. కొనలేదు. ఇంటికొచ్చి ఆలోచిద్దామనుకున్నాను.

జూన్ 12

ఈయన ఇరవై తొమ్మిదేళ్ళు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. ఈయన వస్తున్నారంటే బజారులో తక్కెళ్ళు వాటంతటవే సర్దుకునేవని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆ మనిషికి డంబెల్స్ సంగతి చెప్పడం నా తప్పే.

"ఆ చక్రంది, మెట్టు ఎంత?"

"మెట్టేమిటి?"

"ఒక బరువు నుంచి తర్వాతి బరువుకి. తేడా."

"రెండున్నర కిలోలన్నాడు."

"నీకు ఎక్కువ. రెండు నుంచి నాలుగున్నర. రెట్టింపు కన్నా ఎక్కువ. చేయి పోతుంది."

అంత పొడుగు మాట ఈ రెండేళ్ళలో మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి లాలాజలం తుడుచుకున్నారు.

జూన్ 15

మళ్ళీ వెళ్ళాను. ఈయన చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను. కిందపడితే ఏమవుతుంది? పిడి చుట్టుకొలత ఎంత? అరకిలో బిళ్ళలున్నాయా?

చక్రం రకం కిందపడితే లోపలి పళ్ళు విరుగుతాయని కొట్టాయనే ఒప్పుకున్నాడు. పైగా అది ఎంత బరువు పెట్టినా అదే పొడవు, నా తొడలకి కొట్టుకుంటోంది. ఇటుక రకంలో చేయి పెట్టే సందు ఇరుకు. బోనులో చేయి పెట్టినట్టుంది. కడ్డీ రకం పిడికి టేపు చుట్టి చూశాను. నా పిడికిట్లో సరిగ్గా కూర్చుంది.

అయినా కొనలేదు. ఇంకో కొట్టు కూడా చూద్దామనుకున్నాను. తొందరపడి కొనేది కాదు కదా.

జూన్ 17

రెండో కొట్టు. అవే.

జూన్ 20

నలుగురు కస్టమర్లు వచ్చారు. జిప్పులు మూడు మార్చాను. తీరిక లేదు.

జూన్ 23

"ఆంటీ, పధ్నాలుగు రోజులైంది" అంది ఫిజియో అమ్మాయి.

ఇంకా చూస్తున్నానని చెప్పాను. మంచం మీంచి ఈయన "కొంటే ఎత్తాలి కదా. అందుకని చూస్తోంది" అన్నారు.

చాలా కోపం వచ్చింది. నిజం కాకపోతే అంత రాదు.

జూన్ 24

కొన్నాను. కడ్డీలు రెండు, నట్లు నాలుగు, ఇనప బిళ్ళలు ఇరవై. ఆటో దిగాక గుమ్మం దాకా మోయడానికి నాలుగు విడతలు పట్టింది.

జూన్ 25

నేననుకున్నదే అయింది. బిళ్ళల మీద అచ్చేసిన అంకెలు నమ్మనన్నారు ఈయన. వీధి చివర పాత ఇనుము కొట్టు దగ్గర తూకం వేయించమన్నారు. బిళ్ళలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో ఆయన, తోస్తూ నేను.

పాత ఇనుము ఆయన ఈయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. పదేళ్ళ కిందట ఈయన చేతిలో జరిమానా పడిందట. "సార్, ఇప్పుడు మాది కరెక్టే సార్" అన్నాడు, అడక్కుండానే. ఈయన ఎడమచేత్తో కాటా సున్నా చూపిస్తోందా లేదా అని రెండుసార్లు చూపించమన్నారు. రిటైరైన పులికి కూడా చారలు పోవు.

రెండున్నర కిలోల బిళ్ళల్లో ఒకటి రెండు కిలోల మూడువందల నలభై గ్రాములే ఉంది. ఇంకోటి నూరు గ్రాములు ఎక్కువ. నన్ను మార్పించుకు రమ్మన్నారు. ఆటసామాన్ల కొట్టాయన "అమ్మా, ఇవేమన్నా కూరగాయలా, ఓ వంద అటూ ఇటూ" అన్నాడు. మా ఆయనతో మాట్లాడండి అని ఫోనిచ్చాను. మాట సరిగ్గా అర్థమై ఉండదు. అయినా మార్చాడు.

ఇంటికొస్తూ ఈయన కుర్చీలో కూనిరాగం తీశారు.

జూన్ 26

చేతికి రెండు కిలోలు. పన్నెండుసార్లు. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

జులై 5

రెండున్నర. నడుము వంచకుండా మోకాళ్ళ మీద లేవాలట. ఈయన మంచం మీంచి లెక్కపెడతారు. తొమ్మిది తర్వాత మళ్ళీ తొమ్మిది అంటారు. అడిగితే, తొమ్మిదోసారి సగమే లేచావు అంటారు. జాలి లేని మనిషి.

జులై 13

నాలుగు. అద్దంలో చూసుకుంటే భుజం మీద చిన్న గీత. యాభై నాలుగేళ్ళకి.

ఈయన పైజామా నడుము వదులైంది. ఎలాస్టిక్ చచ్చినట్టుంది, మార్చాను.

జులై 21

ఐదున్నర. పొద్దున లేవడమే కష్టంగా ఉంది. మంచం దిగాలంటే ముందు ఒక పక్కకి దొర్లి, అప్పుడు కాళ్ళు దించుతున్నాను. వంట, ఆయన స్నానం, మిషను, మళ్ళీ ఇనుము. అలసట అన్నది ఒంట్లోంచి పోయేది కాదు, చోటు మారుతుంది అంతే. నిన్న భుజాల్లో, ఈ రోజు పిక్కల్లో.

వెనక కిటికీ దగ్గర కాకులు ఎక్కువయ్యాయి. మధ్యాహ్నం ఒకటే గోల.

ఆగస్టు 2

ఎనిమిది. రెండు చేతుల్లో కలిపి పదహారు. ఈయన క్యాలెండర్ వెనక ఏదో లెక్క వేసుకుంటున్నారు. ఎడమచేత్తో రాసేవి ఎవరికీ అర్థం కావు. "ఏమిటది" అంటే "నీ మార్కులు" అన్నారు.

ఆగస్టు 9

ఈయన చొక్కాలు రెండు వదులైతే, పక్కల దగ్గర లోపలికి పట్టి కుట్టాను. ఉతికీ ఉతికీ గుడ్డ సాగింది.

ఆగస్టు 16

పది. తర్వాతి వారం పదకొండే, ఎక్కువ పెంచకు అన్నారు. జాలి లేని మనిషి ఇలా అనడం వింత.

అన్నం సగం వదిలేశారు. ఎండ కదా.

ఆగస్టు 28

పన్నెండున్నర. మొదటిసారి నేల మీంచి స్టూలు దాకా లేపాను, ఫిజియో అమ్మాయి పక్కన నిలబడి ఉండగా. తాకలేదు, చేతులు అడ్డం పెట్టిందంతే. ఆయన నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని, మోకాలు ఆయన మోకాలికి ఆనించి, ఒకటి రెండు మూడు. లేచారు.

ఇద్దరం ఆయాసపడుతూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఏదో తప్పు చేసి దొరకనివాళ్ళలా.

చొక్కాలు మళ్ళీ పట్టాను.

సెప్టెంబరు 10

మరిది పదింటికి వచ్చాడు. ఈయన్ని దుప్పటి మీద నేల మీదికి దించాం. డ్రైవర్ అన్నయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, సినిమాకి వచ్చినట్టు.

లేపాను. నేల మీంచి స్టూలుకి, ఒక్క నిమిషం ఆగి స్టూలు మీంచి కుర్చీకి.

మరిది ముందుకొచ్చాడు. "ఏదీ, నేను చూస్తా" అని ఈయన్ని మళ్ళీ కిందికి దించమన్నాడు. పొట్ట అడ్డం, మోకాళ్ళు వంగవు. స్టూలు దాకా కూడా రాలేదు. "అబ్బో" అని నడుము పట్టుకుని నా స్టూలు మీదే కూలబడ్డాడు. డ్రైవర్ అన్నయ్య నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"సరే వదినా. నువ్వే గెలిచావు" అన్నాడు వెళ్తూ.

నేను సంతోషపడాలి. రేపు పడతాను. ఈ రోజు నిద్రపోవాలని మాత్రమే ఉంది.

సెప్టెంబరు 14

ఫిజియో అమ్మాయి ఈయన తొడ పట్టుకుని చూసింది, తర్వాత భుజం. "ఆంటీ, అంకుల్ని ఈ మధ్య తూకం వేశారా?" అంది.

లేదన్నాను. ఆయన నిలబడలేరు కదా, ఇంట్లో కాటా మీద ఎలా.

"ఎలాగైనా వేయించండి. ఈ రోజే."

పాత ఇనుము కొట్టుకే తీసుకెళ్ళాను. కుర్చీతో సహా పెద్ద కాటా మీదికి ఎక్కించాం. డెబ్బై తొమ్మిది. ఈయన్ని సంచుల బస్తా మీద కూర్చోబెట్టి ఖాళీ కుర్చీ తూచాం. పద్ధెనిమిది.

నేను తీసివేత చేసేలోపే ఈయన "అరవై ఒకటి" అన్నారు. కాటా వైపు చూడనే లేదు.

పదమూడు కిలోలు. పాత ఇనుము ఆయన "సార్, మా కాటా కరెక్టే సార్" అంటూనే ఉన్నాడు పాపం.

దారిలో కుర్చీ ఆపి ముందుకొచ్చి నిలబడ్డాను. "మీకు ముందే తెలుసు" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి." లాలాజలం తుడుచుకున్నారు. "నువ్వు పోయే వేగానికి సెప్టెంబరుకి ముప్పై దాటవు. లెక్కేశాను. ముప్పై సగమైతే మొత్తం అరవై. నేను డెబ్బై నాలుగు. వాడు గడువు జరపడు. మరి మిగతాది నేనేగా తగ్గాలి."

"అన్నం?"

"కాకులకి."

నేను మిషన్ దగ్గర ఉన్నప్పుడు కంచం ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కుర్చీ తోసుకుంటూ వెనక కిటికీ దాకా వెళ్ళేవారట. మూడు నెలలు.

"తూకంలో మోసం చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో చేయనిది" అన్నారు.

నడివీధిలో నిలబడి ఉన్నాను. పక్కనుంచి సైకిళ్ళు వెళ్తున్నాయి. కుర్చీ వెనక్కి వెళ్ళి తోసుకుంటూ ఇంటికి వచ్చేశాను.

సెప్టెంబరు 15

మాట్లాడలేదు.

సెప్టెంబరు 16

ఆయన మీద కోపం అనుకున్నాను. పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పక్క కుట్ల లోపలి గుడ్డ చేతికి తగిలింది. నేనే పట్టాను, ఒక్కో పక్క అంగుళంన్నర. మళ్ళీ నేనే పట్టాను. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని టేపుతో కొలుస్తున్నాను. వీధిలో నడిచే మనిషిని చూసి నడుము ఎంతో చెప్పగలను. గుడ్డ సాగిందని రాసుకున్నాను. ఎలాస్టిక్ అని రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడే తిప్పి చూశాను.

ఆయన మోసం చేస్తే, తూకం సరిగ్గా ఉందని నేను ముద్ర వేశాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కుట్లు విప్పాను. రెండు చొక్కాలవీ.

సెప్టెంబరు 18

డాక్టరు రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ చేయించాడు. వేరే జబ్బేమీ లేదు, తిండి లేకే అన్నాడు. "ఇంకో నెల ఇలాగే ఉంటే మంచం మీంచి లేపాల్సిన పని ఉండేది కాదమ్మా" అన్నాడు. ఆ మాట ఈయన ముందే అన్నాడు. ఈయన కిటికీ వైపు చూశారు.

ఇంటికొచ్చాక కంచం పక్కనే కూర్చున్నాను. "ప్రతి ముద్దా చూస్తాను" అన్నాను.

"తింటే బరువు పెరుగుతాను. నువ్వు ఎత్తలేవు."

"ఎత్తలేను."

"వాడు హోమ్ అంటాడు."

"అననీ. ముందు తినండి."

తిన్నారు. మధ్యలో ఏడ్చారు, ముద్ద నోట్లో ఉండగానే. తుడిచాను. తిన్నారు.

సెప్టెంబరు 19

మరిదికి ఫోన్ చేశాను. పదో తారీఖున నేను గెలవలేదని, ఎందుకు గెలవలేదో మొత్తం చెప్పాను. "వస్తున్నా" అని పెట్టేశాడు.

సాయంత్రం వచ్చాడు. ఈసారి తిన్నగా గదిలోకి వెళ్ళి అన్నగారి మంచం మీద కూర్చున్నాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను. కాసేపటికి వాడి గొంతు వినిపించింది.

"నేను అడిగింది ఇదా అన్నయ్యా? వదిన కూడా పడిపోతుందేమోనని కదా నా భయం."

ఈయనేదో అన్నారు. వాడికి అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. మళ్ళీ అర్థం కాలేదు. వంటింట్లోంచి నేనే చెప్పాను, "రెండేళ్ళలో ఎన్నిసార్లొచ్చావని అడుగుతున్నారు."

వాడు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "ఆ చేయి అలా వేలాడుతుంటే చూడలేను వదినా. నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన చేయి" అన్నాడు.

"నేను చూడగలుగుతున్నాననుకున్నావా?"

వాడి ఆఫీసు మా ఇంటికి రెండు బస్‌స్టాపుల దూరం.

అక్టోబరు 3

మరిది రోజూ ఎనిమిదింటికి వస్తున్నాడు. ఆఫీసుకి పోయేముందు ఇద్దరం కలిసి స్నానానికి లేపుతున్నాం. మొదటి వారం ఈయన్ని గోడకి తగిలించాడు. రెండో వారం నాకు తగిలించాడు. ఈయన బరువు అరవై మూడు.

అక్టోబరు 20

వాడు డంబెల్స్ ఎత్తి చూశాడు. "చేతికి పదిహేను నువ్వెత్తుతున్నావా?" అని నట్టు విప్పి సగం బిళ్ళలు తీసేశాడు. మొదటిసారి పదిసార్లు ఎత్తితే ఈయన ఏడు అన్నారు.

నవంబరు 12

నిన్న పాత ఇనుము కొట్టులో తూచాం. అరవై ఎనిమిది. డాక్టరు ఇంకో రెండు పెరిగితే చాలన్నాడు.

ఈ రోజు ఎనిమిదయినా మరిది రాలేదు. బస్సు ఆగిపోయిందని ఫోన్ చేశాడు. ఈయన తొందర పడుతుంటే నేనొక్కదాన్నే లేపబోయాను. మంచం మీంచి కుర్చీలోకైతే సరిపోయేది. కానీ బెల్టు జారి, ఇద్దరం మెల్లగా కిందికి జారాం. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్ళీ పట్టుకున్నాను. మోకాలు ఆనించాను. ఒకటి రెండు మూడు. జానెడు లేచారు, మళ్ళీ కూర్చున్నారు.

అరవై ఎనిమిది నాకు చాలా ఎక్కువ. ఒళ్ళంతా చెమట. మనిషి నిండుగా ఉన్నారు. చొక్కా పక్కల దగ్గర సరిగ్గా ఉంది.

"పైన డ్రైవర్ని పిలువు" అన్నారు.

"వాడొస్తున్నాడు కదా. కూర్చుందాం."

అల్మారాకి ఆనుకుని కూర్చున్నాం. పళ్ళెంలో మిగిలిన రొట్టె అందించాను. తిన్నారు.

మరిది ఎనిమిదీ ఇరవైకి వచ్చాడు. గుమ్మంలో మమ్మల్ని చూసి బ్యాగు అక్కడే వదిలేశాడు.

"ఏం కాలేదు. నేను భుజాలు పట్టుకుంటాను. నువ్వు మీ అన్నయ్య కాళ్ళు పట్టుకో" అన్నాను.

వాడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. ఎత్తలేదు. తల వంచుకుని అలాగే ఉండిపోయాడు.

"రెండేళ్ళ కిందటే పట్టుకోవాల్సింది వదినా" అన్నాడు.

"ముందు ఎత్తరా" అన్నారు ఈయన. మొదటిసారే అర్థమైంది వాడికి.